ముక్కు చెప్పే వార్తలు: లార్డ్ ఏడ్రియన్ జీవితం

ప్రత్యేక సంచికకు ఒక శాస్త్రవేత్త జీవితం గురించి రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు వెంటనే ఏడ్రియన్ గుర్తుకొచ్చారు. అందుకు కారణం మా వంటిల్లు.

నాలుగేళ్ళ క్రితం ఒక సాయంత్రం స్టవ్ మీద పాలు పెట్టి, పక్క గదిలో పేపరు చదువుకుంటున్నాను. పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. నాకేమీ తెలియలేదు. గుడి నుంచి వచ్చిన మా ఆవిడ గుమ్మంలోనే పసిగట్టి, నన్ను స్విచ్చి ముట్టుకోవద్దని కేకవేసి, రెగ్యులేటరు కట్టేసి కిటికీలన్నీ తెరిచింది. ఇంగువ పోపు, మల్లెపూలు, తొలకరి మట్టి నాకు దూరమై చాలాకాలమైందని ఆ రోజే గ్రహించాను. చెవులు వినపడకపోతే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. ముక్కు పనిచేయకపోతే మనకే తెలియదు.

అప్పటినుంచి వాసన ఎలా తెలుస్తుందా అని పుస్తకాలు తిరగేస్తుంటే ఎడ్గార్ డగ్లస్ ఏడ్రియన్ కనిపించారు.

ఆయన 1889 నవంబరు 30న లండన్‌లో జన్మించారు. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చదివి, కీత్ లూకాస్ అనే గురువు వద్ద నాడులపై పరిశోధన ప్రారంభించారు. మొదటి ప్రపంచయుద్ధంలో వైద్యుడిగా, నాడులు దెబ్బతిన్న సైనికులకు చికిత్స చేశారు. 1916లో లూకాస్ విమాన ప్రమాదంలో మరణించారు. యుద్ధం ముగిశాక 1919లో ఏడ్రియన్ తిరిగివచ్చి, గురువుగారి ప్రయోగశాలలోనే ఆయన పనిని కొనసాగించారు.

నాడిలో ప్రవహించే విద్యుత్తు అతి స్వల్పం. దాన్ని వాల్వులతో ఎన్నో రెట్లు పెంచి, 1926లో స్వీడన్‌కు చెందిన జోటర్‌మన్‌తో కలిసి ఒక్క నాడీతంతువు పంపే సందేశాన్ని నమోదు చేశారు. స్పర్శ బలంగా ఉన్నా, మెల్లగా ఉన్నా నాడిలో ప్రతి స్పందనా ఒకే పరిమాణంలో ఉంటుంది. బలం పెరిగితే స్పందనలు త్వరత్వరగా వస్తాయి. తంతి కార్యాలయంలో పనిచేసిన మనకిది తేలిగ్గా అర్థమవుతుంది. మోర్సు మీటను ఎంత గట్టిగా నొక్కినా చుక్క చుక్కే కదా! ఈ కృషికి 1932లో షెరింగ్టన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

అంతటితో విశ్రమించినా ఎవరూ అడిగేవారు కాదు. కానీ ఆయన యాభై దాటాక వాసన వైపు తిరిగారు. ముక్కు పైభాగంలోని పొరలో వాసన పట్టే కణాలుంటాయి. వాటి తంతువులు జల్లెడవంటి ఎముక గుండా వెళ్ళి, మెదడు అడుగున ముందుభాగంలో ఉన్న ఘ్రాణకందాన్ని చేరతాయి. వాసన మీదే ఎక్కువగా ఆధారపడి బతికే హెడ్జ్‌హాగ్ అనే ముళ్ళ జంతువును ఎంచుకుని, 1942లో దాని మెదడులోని స్పందనలను ప్రకటించారు. తర్వాత కుందేళ్ళపై పనిచేశారు. అరటిపండు వాసన గల ఎమైల్ ఎసిటేట్ వంటి పదార్థాలకు ఘ్రాణకందం ముందుభాగం, పెట్రోలు జాతి పదార్థాలకు వెనుకభాగం ఎక్కువగా స్పందిస్తాయని గమనించారు. ఏ చోట స్పందన వచ్చింది, ఎప్పుడు వచ్చింది అన్న రెండింటినీ బట్టి మెదడు వాసనను పోల్చుకుంటుందని ఆయన అభిప్రాయపడ్డారు.

1950 నుంచి 1955 వరకు రాయల్ సొసైటీ అధ్యక్షులుగా, 1951 నుంచి 1965 వరకు ట్రినిటీ కళాశాల మాస్టరుగా ఉన్నారు. 1955లో లార్డ్ అయ్యారు. 1977 ఆగస్టు 4న, 87వ ఏట కన్నుమూశారు. వాసనను పట్టే గ్రాహకాల జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో కనుగొన్నారు. వారికి 2004లో నోబెల్ లభించింది. మనుషుల్లో అటువంటి గ్రాహకాలు సుమారు 400 రకాలు.

మిత్రులకు ఒక మనవి. వంటగ్యాసుకు సొంత వాసన లేదు. లీకైతే తెలియడానికే మెర్‌కాప్టాన్ కలుపుతారు. ముక్కు పనిచేయకపోతే ఆ హెచ్చరిక మనకు చేరదు. రేపు ఉదయం కాఫీపొడి డబ్బా మూత తీసి ఒకసారి వాసన చూడండి. తెలియకపోతే వయసు మీద నెట్టేయకుండా డాక్టరుకు చూపించుకోండి. జలుబు, ముక్కులో కండ, తలకు దెబ్బ, కొన్ని నరాల జబ్బులు కూడా కారణం కావచ్చు.

నా ముక్కు ఇక బాగుపడదని డాక్టరుగారు తేల్చేశారు. ఇప్పుడు మా వంటింట్లో గ్యాసు అలారం పెట్టించాం. పాలు పొయ్యి మీద ఉన్నంతసేపూ నేను పేపరు ముట్టను.