సార్వత్రిక విద్యకు పునాది వేసిన రాంరెడ్డిగారు

ప్రొద్దుటూరిలో బంగారమునకును బట్టలకును బేరము కలదు. జమ్మలమడుగు చుట్టుపట్ల నాపరాయి కలదు. పులివెందుల చీనీతోటలను, అరటితోటలను ఎఱుగనివారు లేరు. ఐనను ఈ సీమకు ఉన్నతవిద్య చిరకాలము దూరపు చుట్టముగానే యుండెను. తిరుపతిలో విశ్వవిద్యాలయము 1954లో వెలసెను. కడప జిల్లాకు తనదనదగినది 2006లో గాని రాలేదు. చదువునకై ఊరు విడిచిన బిడ్డ మరల వచ్చుట అరుదు. వానిని చదివించిన సేద్యపు సొమ్మును వానితోడనే పోవును. ఈ నష్టమును మన రైతులు పద్దులలో వ్రాసికొనరు. ఇట్టి చిక్కునకు విరుగుడు యోచించిన ఆచార్య జి. రాంరెడ్డిగారి చరిత్రమును పాఠకులకు జ్ఞప్తి చేయదలచితిమి.

ఆయన 1929లో కరీంనగరు జిల్లా మైలారమున జన్మించిరి. నాటి నిజాము రాజ్యమున ఉస్మానియా విశ్వవిద్యాలయ బోధన ఉరుదూలో జరుగుచుండెను. తెలుగుబిడ్డ శాస్త్రము నేర్చుటకు ముందు పరభాషను గెలువవలసి యుండెను. అట్టి నేలపై పెరిగినవారు పిదప పట్టపరీక్షకు తెలుగున పాఠములు వ్రాయించుట కాకతాళీయమని మాకు తోచదు. రాజనీతియు, ప్రభుత్వ పరిపాలనయు ఆయన విషయములు. పంచాయతీల పరిశోధనలో పేరు గాంచిరి. 1977లో ఉస్మానియాకు ఉపకులపతియైరి.

తపాలాలో పాఠములు పంపుట అప్పటికే క్రొత్త కాదు. ఢిల్లీలో 1962లోనే మొదలైనది. కాని కాగితపు కట్ట అందిన పిదప విద్యార్థిని పలుకరించువారు అంతంతమాత్రమే. ఇంగ్లండులో 1969లో రాజశాసనము పొందిన సార్వత్రిక విశ్వవిద్యాలయము ఈ కొఱతను తీర్పజూచెను. 1982లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము రాంరెడ్డిగారి అధ్యక్షతన సంఘమును నియమించి, ఆ యేడే భారతదేశమున మొదటిదైన సార్వత్రిక విశ్వవిద్యాలయమును స్థాపించి, ఆయననే తొలి ఉపకులపతిని గావించెను. బడిచదువు ముగింపనివాడైనను, తగిన వయస్సు కలిగి అర్హతాపరీక్షలో నెగ్గినచో పట్టవిద్యకు చేరుటకు నాడు వీలుండెను. ఇంట తమంత తాము చదువుకొనుటకు అనువైన పుస్తకములు వ్రాయించిరి, రేడియోను వాడిరి, ఉన్న కళాశాలల గదులలోనే అధ్యయన కేంద్రములు నడిపిరి. ఊరూర క్రొత్త భవనములు కట్టనక్కఱ లేకపోయెను. బీదప్రభుత్వమునకు ఇది చిన్న లాభము కాదు.

ప్రొద్దుటూరి అంగడిలో లెక్కలు వ్రాయు గుమాస్తాకును, పెండ్లితో చదువు మానిన పులివెందుల యిల్లాలికిని, ఉన్నచోట నుండియే పట్టము పొందు మార్గము దీనివలన కలిగెను. తోటకు నీరు పెట్టువాడు తోట విడువక చదివినచో ఆ ఫలములో కొంతయైన తోటకు దక్కును. ఐనను ఒక మాట చెప్పక తప్పదు. పట్టములు పెరిగినంతనే సిరి పెరుగదు. నాపరాతికి మెఱుగు పెట్టి దూరదేశమున అమ్ము నేర్పును, చీనీకాయ కుళ్లకమునుపే బజారు చేర్చు నేర్పును పాఠ్యక్రమమున చేరనిచో, దూరవిద్య గుమాస్తాగిరికి మఱియొక దారియే యగును. ఈ లోపమును రాంరెడ్డిగారి తలకు చుట్టుట న్యాయము కాదు. ఆయన ఆ పీఠమున నున్నది మూడేండ్లు మాత్రమే.

1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడగా దానికిని ఆయనయే తొలి ఉపకులపతియైరి. 1991 మొదలు విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమునకు అధ్యక్షత వహించిరి. ఆ యేడే, హైదరాబాదులో ఆయన నెలకొల్పిన సంస్థకు డాక్టరు అంబేద్కరు పేరు పెట్టబడెను. 1995లో లండనులో నుండగా ఆయన మరణించిరి. ఉస్మానియాలోని దూరవిద్యా కేంద్రమునకు ఆయన నామమునే యుంచిరి.