అందరూ సంతకం పెట్టిన వేళ



కొన్నేళ్ళ క్రితం ఒక తండ్రి, కుమారుణ్ణి బడిలో చేర్చడానికి జ్ఞానస్నాన సర్టిఫికెట్టు కావాలని మా బంగళాకు వచ్చాడు. అబ్బాయి వయస్సు రెండేళ్ళు తక్కువగా కనిపించేలా పుట్టిన తేదీ మార్చి రాయమన్నాడు. రేపు ఉద్యోగాల వేళ పనికొస్తుందట. కుదరదన్నాను. అందరూ చేస్తున్నదే కదా, ఇందులో ఎవరికి నష్టమని అడిగాడు. చివరకు మీ మంచి మీది, మా మంచి మాది అంటూ నొచ్చుకుని వెళ్ళిపోయాడు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివిన రోజుల్లో ఇదే ప్రశ్న మీద మేము గంటల తరబడి వాదించుకున్నాం. మంచిచెడులు మనిషిని బట్టి, కాలాన్ని బట్టి మారేవా? లేక మన ఇష్టాయిష్టాలకు అందనంత ఎత్తున, మారకుండా నిలిచేవా? అంత చదివి కూడా ఆ తండ్రికి ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబును ఒక సంతకం పెట్టని మనిషి జీవితంలో వెదుకుదాం, రండి.

థామస్ మోర్ 1478లో లండన్ నగరంలో జన్మించారు. తండ్రి న్యాయవాది, తర్వాత న్యాయమూర్తి. మోర్ కూడా న్యాయశాస్త్రమే చదివారు. యౌవనంలో కార్థూసియన్ మఠవాసుల చెంత కొంతకాలం ప్రార్థనా జీవితం గడిపి, చివరకు వివాహ జీవితాన్ని ఎన్నుకున్నారు. భార్య జేన్ నలుగురు పిల్లలను కని 1511లో మరణించింది. పిల్లలకు తల్లి కావాలని ఆలిస్ అనే విధవరాలిని పెళ్ళి చేసుకున్నారు. ఆడపిల్లలకు చదువెందుకని లోకమంతా అనుకునే ఆ రోజుల్లో, కుమారునితో సమానంగా కుమార్తెలకూ లాటిను, గ్రీకు నేర్పించారు. పెద్ద కుమార్తె మార్గరెట్ అంటే ఆయనకు ప్రాణం.

1516లో ఆయన రాసిన యుటోపియా అనే గ్రంథం ఐరోపా అంతటా పేరు తెచ్చింది. 1529లో ఎనిమిదవ హెన్రీ రాజు ఆయనను ఇంగ్లాండు ఛాన్సలరుగా నియమించాడు. రాజు తర్వాత రాజ్యంలో అంతటి పదవి లేదు.

ఇప్పుడు ఆ రాజును గమనించండి. 1521లో ఇదే హెన్రీ, మార్టిన్ లూథర్‌ను ఖండిస్తూ, దేవద్రవ్యానుమానాలను సమర్థిస్తూ పుస్తకం రాశాడు. అందుకు జగద్గురువులు పదవ లియో ఆయనకు విశ్వాస రక్షకుడనే బిరుదు ఇచ్చారు. తర్వాత రాజు తన భార్య కేథరిన్‌ను విడిచి ఆన్ బొలీన్‌ను పెళ్ళాడదలచాడు. మొదటి వివాహం చెల్లదని ప్రకటించడానికి రోము అంగీకరించలేదు. దానితో 1534లో పార్లమెంటు చట్టం చేసి, ఇంగ్లాండు శ్రీసభకు రాజే శిరస్సని ప్రకటించింది. ఆ బిరుదును మాటతో కాదన్నా రాజద్రోహమని మరో చట్టం వచ్చింది. పదమూడేళ్ళ క్రితం రాజు స్వయంగా సమర్థించిన విశ్వాసమే ఇప్పుడు మరణశిక్షకు తగిన నేరమైంది! మారినది సత్యమా, రాజు మనస్సా? ఆలోచించండి.

మోర్ తొందరపడి ప్రాణం ఇవ్వడానికి సిద్ధమైనవారు కాదు. 1532 మే నెలలో గురువుల సభ రాజుకు లొంగిపోయిన మరునాడే పదవికి రాజీనామా ఇచ్చి, మౌనంగా ఇంట్లో కూర్చున్నారు. ఆదాయం పోయి కుటుంబం ఇబ్బంది పడింది. 1534 ఏప్రిల్‌లో ప్రమాణం చేయమని పిలుపు వచ్చింది. అక్కడ ఆయన చేసిన ఒక విభజన మనం నేర్చుకోదగినది. ఆన్ బొలీన్ పిల్లలకు సింహాసనం ఇవ్వాలని పార్లమెంటు నిర్ణయిస్తే దానికి ప్రమాణం చేస్తానన్నారు. ఎందుకంటే వారసుడెవరన్నది మనుషులు నిర్ణయించుకోగల విషయం. కాని ఆ ప్రమాణంలో జగద్గురువుల అధికారాన్ని తోసిపుచ్చే భాగం ఉంది. దానికి మాత్రం ఒప్పుకోలేదు.

చూశారా! మనుషులు మార్చుకోగలిగినవి ఎన్నో ఉన్నాయి. ఆచారాలు, పన్నులు, పదవులు దేశానికొక తీరుగా, కాలానికొక తీరుగా ఉంటాయి. వాటిలో సర్దుకుపోవడం వివేకం. కాని అబద్ధాన్ని నిజమని దేవుని ఎదుట ప్రమాణం చేయడం ఏ చట్టంతోనూ మంచి కాలేదు.

ఆయన ఒంటరి అయ్యారు. పీఠాధిపతులలో రాచెస్టర్ పీఠాధిపతి జాన్ ఫిషర్ తప్ప అందరూ ప్రమాణం చేశారు. పండితులు చేశారు. ప్రాణసమానమైన మార్గరెట్ కూడా, దైవచట్టం అనుమతించినంత మేరకు అనే మాట చేర్చి ప్రమాణం చేసింది. చెరసాలలో తండ్రిని కలిసి, మీరు కూడా చేయండని బతిమాలింది. ఇంతమంది పెద్దలు చేసినది మీరెందుకు చేయరని ఆలిస్ వచ్చి కోప్పడింది. మోర్ ఎవరినీ నిందించలేదు. ఎవరి మనస్సాక్షికి వారే దేవునికి జవాబు చెప్పుకోవాలని, తన మనస్సాక్షి మాత్రం ఒప్పుకోవడం లేదని చెప్పారు.

కొందరు ఇక్కడే పొరపడతారు. మోర్ కూడా ఎవరి మంచి వారిదే అన్నారు కదా అంటారు. కాదు! మంచిచెడులు వ్యక్తికొక తీరుగా ఉంటాయని ఆయన నమ్మి ఉంటే, కుమార్తె కన్నీళ్ళ కోసమైనా సంతకం పెట్టి ఇంటికి వెళ్ళేవారు. తప్పు ఎప్పుడూ తప్పే. కాని ఆ తప్పు చేసిన మనిషికి ఎంత తెలుసు, ఎంత భయపడ్డాడు, ఎంత దోషి అన్నది దేవుడొక్కడే తూచగలడు. క్రియను తూచడం వేరు, మనిషిని తూచడం వేరు.

1535 జూలై 1న విచారణ జరిగింది. రిచర్డ్ రిచ్ అనే రాజోద్యోగి చెప్పిన సాక్ష్యం అబద్ధమని మోర్ ఖండించినా, మరణశిక్ష విధించారు. అప్పుడు ఆయన న్యాయాధిపతులకు ఒక సంగతి గుర్తుచేశారు. స్తెఫానును రాళ్ళతో కొట్టి చంపుతుంటే పౌలు సమ్మతించాడు. అయినా నేడు ఇద్దరూ మోక్షంలో కలిసి ఉన్నారు. అలాగే తామందరూ ఒకనాడు అక్కడ సంతోషంగా కలుసుకోవాలని ప్రార్థిస్తానన్నారు. తిరిగి చెరసాలకు తీసుకువెళ్తుండగా మార్గరెట్ భటుల మధ్య నుండి దూసుకువచ్చి తండ్రిని కౌగిలించుకుంది. జూలై 6న ఆయన శిరస్సు ఖండించారు. 1935లో జగద్గురువులు పదకొండవ భక్తినాథులు ఆయనను పునీతునిగా ప్రకటించారు.

ఇంతటితో ముగిస్తే సగం నిజమే చెప్పినవాడినవుతాను. మోర్ ఛాన్సలరుగా ఉన్న కాలంలో, విశ్వాస భ్రష్టులనే నేరంపై ఆరుగురిని సజీవ దహనం చేశారు. వారిలో కొందరి విషయంలో ఆయన ప్రమేయం ఉంది. ఆ శిక్షలు న్యాయమేనని ఆయన నమ్మారు. ఆనాటి చట్టం అది, ఆనాటి లోకమంతా అలాగే తలచింది. మరి ఆ కాలానికి అది మంచే అని వదిలేద్దామా? అలా అంటే, ఆనాటి చట్టం ప్రకారమే మోర్‌ను చంపిన హెన్రీని కూడా ఏమీ అనలేము! రెండవ వాటికన్ మహాసభ 1965లో, విశ్వాసం విషయంలో ఎవరినీ బలవంతం చేయరాదని స్పష్టంగా బోధించింది. 2000వ సంవత్సరంలో మోర్‌ను రాజకీయ నాయకుల పాలక పునీతునిగా ప్రకటించినప్పుడు జగద్గురువులు రెండవ జాన్ పాల్, ఈ విషయంలో ఆయనకున్న ఆనాటి పరిమితులను దాచకుండా ప్రస్తావించారు. రాజుకు లొంగని ఆ కొలబద్దే పునీతుణ్ణి కూడా కొలుస్తుంది. మంచి మారలేదు, దానిని మనం చూసే చూపు నెమ్మదిగా తేటపడుతోంది.

ప్రియ పాఠకులారా, ఆ తండ్రి అడిగినప్పుడు నేను తేదీ మార్చకపోవడం సరైనదే. పుట్టిన రోజు అందరూ కలిసి నిర్ణయించేది కాదు. అందరూ చేసినంత మాత్రాన అబద్ధం నిజం కాదు. ఎవరికి నష్టమంటే, ఆ అబద్ధాన్ని తన వయస్సుగా జీవితాంతం మోయవలసిన ఆ పిల్లవానికే మొదటి నష్టం. కాని ఆ రోజు నా గొంతులో మోర్ మృదుత్వం లేదు. క్రియతో పాటు మనిషిని కూడా తూచేశాను. కూర్చోబెట్టి, అతని భయమేమిటో అడిగి ఉండవలసింది.

మీ ఇంట్లో పిల్లలు అందరూ చేస్తున్నారు కదా అని అడిగిన రోజున, కోప్పడకండి, లొంగిపోకండి. పక్కన కూర్చోబెట్టుకుని, సంతకం పెట్టని ఈ తండ్రి కథ చెప్పండి. ఆయన చేసిన తప్పును కూడా దాచకుండా చెప్పండి.