వెస్లీగారి నిద్ర లెక్క

మన తిరుపతిలో రాత్రియంతయు యాత్రికుల బస్సులును రైళ్లును నడుచుచునే యుండును. రాత్రి డ్యూటీ ముగించుకొని తెల్లవారిన తరువాత పండుకొను నర్సులును రైల్వే పనివారును మన ఇరుగుపొరుగున నున్నారు. అయినను ఉదయ ప్రార్థనకు రానివారిని సోమరులని తలంచుట మనకు వాడుక. ఈ మాసము జాన్ వెస్లీగారి జీవితమును ఈ దృష్టితో చూతము.

ఆయన 1703వ సంవత్సరము జూన్ నెలలో ఇంగ్లండులోని ఎప్‌వర్తులో ఒక గురువుగారి కుమారుడుగా జన్మించిరి. మన దేశమును ఆయన చూడలేదు. గాని ఆయన పేరుగల వెస్లియను మిషనువారే మెదకు మహాదేవాలయమును కట్టి 1924లో ప్రతిష్ఠించిరి. 1947లో ఆ మెథడిస్టు సంఘములును మన చిత్తూరు సీమలోని ఆర్కాటు మిషను సంఘములును దక్షిణ ఇండియా సంఘములో ఏకమాయెను. కాబట్టి ఆయన మనకు పరాయివారు కారు.

యౌవనమున వెస్లీగారికి ప్రతి రాత్రి పండ్రెండు, ఒంటిగంట వేళ మెలకువ వచ్చి, చాలసేపు నిద్ర పట్టెడిది కాదు. అవసరమునకు మించి పడకమీద నుండుటయే కారణమని తలంచి, ఆయన ఒక అలారము గడియారము సంపాదించిరి. మొదటి దినము ఏడింటికి, మరునాడు ఆరింటికి, మూడవనాడు అయిదింటికి లేచిరి; అయినను రాత్రి మెలకువ తప్పలేదు. నాలుగవనాడు నాలుగింటికి లేవగా ఆ రాత్రి సుఖముగా నిద్రించిరి. అది మొదలు నాలుగు గంటలకు లేచుట ఆయనకు అలవాటాయెను. కూలివారు పనికి పోకమునుపే వాక్యము వినునట్లు ఉదయము అయిదింటికి ప్రసంగించెడివారు. 1791 మార్చి 2న, 87 ఏండ్ల వయస్సున ప్రభువునందు నిద్రించిరి.

తనకు ఆరున్నర గంటల నిద్ర కావలెనని ఆయన కనుగొనిరి. అయితే అందరికి ఒకే కొలత చాలదనియు, స్త్రీలకు కొంత యెక్కువ, రోగులకు మరింత యెక్కువ అవసరమనియు బోధించిరి. అయినను 1748లో కింగ్స్‌వుడ్‌లో తెరచిన పాఠశాలలో పిల్లలందరు ఎనిమిదింటికి పండుకొని నాలుగింటికే లేవవలెనని నియమించిరి. నిద్ర చాలినంత యిచ్చిరి గాని, లేచు వేళ మాత్రము తనదే వారికి పెట్టిరి.

దేహములోపల ఒక గడియారము కలదనియు, అది అందరిలో ఒకే రీతిగా నడువదనియు, యౌవనస్థులకు నిద్ర ఆలస్యముగా వచ్చుట సహజమనియు నేడు వైద్యులు చెప్పుచున్నారు. ఆ గడియారము పనిచేయు విధమును కనుగొన్న ముగ్గురికి 2017లో నోబెల్ బహుమానము లభించెను.

మన ప్రభువు చీకటితోనే లేచి ప్రార్థించెను. ఒకప్పుడు రాత్రియంతయు ప్రార్థనలో గడిపెను. తుపానులో దోనెయందు నిద్రించెను. కావున వేకువను లేవగలవారము దేవుని స్తుతించుదము. లేవలేనివారికి తీర్పు తీర్చకుందము. రాత్రి పనివారికి అనుకూలమైన వేళను కూడ ఒక ప్రార్థనకూటము పెట్టుదము. మెలకువగా నున్న గంటలను ఏమి చేసితిమని మాత్రము ప్రతివారము మనలను మనమే ప్రశ్నించుకొందము.