చోటూరామ్: షావుకారు ఖాతాకు కళ్లెం వేసినవాడు

రైతు పేర చట్టం చేయడం తేలికే, అది రైతు గుమ్మందాకా రావడమే కష్టం. మన దేశంలో ఇలాంటి చట్టాలు చాలావరకు కాగితం మీదనే చచ్చాయి. పల్లెల్లో పనిచేసిన చట్టాలు కొన్నిటి వెనకనున్న మనిషి గనుకనే సర్ చోటూరామ్‌ను పాఠకులకు పరిచయం చేస్తున్నాం.

1881 నవంబరు 24న నాటి పంజాబులోని రోహతక్ జిల్లా గఢీ సాంప్లాలో జాట్ రైతు కుటుంబంలో ఆయన పుట్టాడు. ఆ ప్రాంతం నేడు హర్యానాలో ఉంది. కొడుకు చదువుకు అప్పు అడగబోయిన తండ్రి చేత షావుకారు పంకా లాగించాడని, పిల్లవాడు ఆ అవమానం మరచిపోలేదని అక్కడ చెప్పుకుంటారు. ఢిల్లీలో 1905లో పట్టా పుచ్చుకొని, ఆపైన లా చదివి, రోహతక్‌లో వకీలయ్యాడు.

ఆనాటి కోర్టుల్లో రైతు పని ఏమిటి? ఖాతా పుస్తకం షావుకారుది, వేలిముద్ర రైతుది. ఎంత తీర్చాడో రైతుకే తెలియదు. 1930లో వచ్చిన ఖాతాల చట్టాన్ని ఆయన గట్టిగా బలపరచాడు. దాని ప్రకారం ప్రతి బాకీదారుకూ విడిగా లెక్క రాయాలి, ఆరు నెలలకొకసారి ఆ లెక్క అతనికి పంపాలి. పంపకపోతే కోర్టు వడ్డీని కొట్టివేయవచ్చు.

1937లో మంత్రి అయ్యాక ఇదే పద్ధతిని ముందుకు తీసుకుపోయాడు. 1938 చట్టం ప్రకారం రిజిస్టరు కాని వడ్డీ వ్యాపారి దావా వేసినా చెల్లదు. అతని వెంట పోలీసు తిరగనక్కరలేదు, కోర్టు తలుపు మూసుకుంటే చాలు. అదే సంవత్సరం, 1901 జూన్ 8కి ముందు తాకట్టుపడిన భూములు తిరిగి ఇప్పించే చట్టం వచ్చింది. తాకట్టుదారు అసలుకు రెండింతలు అనుభవించి ఉంటే రైతు పైసా కట్టనవసరం లేదు.

భూమి అన్యాక్రాంతం కాకుండా 1900లో తెచ్చిన చట్టానికి షావుకార్లు బినామీ పేర్లతో గండి కొట్టారు. 1938 సవరణలు ఆ గండి పూడ్చబూనాయి. చట్టం ఎక్కడ కారుతున్నదో చూసి మరమ్మతు చేయడమంటే ఇదే గదా!

ఇక మండీ సంగతి. తరుగు, దలాలీ, ధర్మం ఖాతా అంటూ రైతు సొమ్ము కోసేవారు. 1939 మార్కెట్ల చట్టం కమిటీల్లో మూడింట రెండు వంతుల స్థానాలు సాగుదారులకిచ్చింది. దలాలుకూ కాటాదారుకూ లైసెన్సు పెట్టింది. 1941లో తూనికలు, కొలతల చట్టం తోడయింది.

అయితే ఆయనను దేవుణ్ణి చేయబోము. సహాయ నిరాకరణను వ్యతిరేకించి కాంగ్రెసును వీడాడు, బ్రిటిషువారి యుద్ధానికి తోడ్పడ్డాడు. ఆయన యూనియనిస్టు పార్టీలో పెద్ద భూస్వాములే బలవంతులు. 1900 చట్టం ఎవరు రైతన్నది కులాన్ని బట్టి తేల్చింది. అందువల్ల భూమిలేని దళితుడు దాని నీడకు రాలేదు. కౌలుదారుకూ కూలీకీ దక్కింది స్వల్పం. 1945 జనవరి 9న లాహోరులో ఆయన చనిపోయేనాటికీ ఆ పని మిగిలే ఉంది.

2020లో కేంద్రం తెచ్చిన చట్టం, మండీ బయట పాన్ కార్డు ఉంటే చాలు, ఎవరైనా కొనవచ్చునన్నది. లైసెన్సు లేదు, కమిటీ లేదు. పంజాబు, హర్యానా రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా కూర్చున్నారు. 2021లో ఆ చట్టాలు రద్దయ్యాయి.

కొత్త చట్టం వచ్చినప్పుడల్లా మన రైతు సంఘాలు అడగవలసినవి మూడున్నాయి. ఖాతా ఎవరి చేతిలో ఉంది? కాటా ఎవరి చేతిలో ఉంది? చట్టం మీరితే నష్టపోయేది ఎవరు? మూడింటికీ జవాబు తేలాకే దాన్ని రైతు చట్టమని ఒప్పుకుందాం. కౌలురైతు, కూలీ అందులో ఉన్నారో లేదో కూడా ఈసారి చూద్దాం.