విమాన కర్మాగార స్థాపకుడు: వాల్‌చంద్ హీరాచంద్

శ్రీ వాల్‌చంద్ హీరాచంద్ 1882వ సంవత్సరము నవంబరు 23వ తేదీన షోలాపురమునందు ఒక గుజరాతీ జైన వర్తక కుటుంబమున జన్మించెను. కళాశాల చదువు పూర్తిగాక మునుపే వ్యాపారమున దిగి, రైలుమార్గముల కంట్రాక్టరుగా ధనమును పేరును గడించెను. 1919లో మిత్రులతో గూడి సింధియా నౌకా సంఘమును స్థాపించి, ఆ యేడు ఏప్రిల్ 5వ తేదీన లాయల్టీ అను పొగయోడను బొంబాయినుండి లండనునకు పంపెను.

1939లో పసిఫిక్ మహాసముద్రముమీదుగా విమానమున ప్రయాణించుచుండగా, చైనాలో విమానములు చేయించుచుండిన విలియం పాలీ యను అమెరికా దేశస్థునితో ఆయనకు పరిచయము కలిగెను. ఆ పరిచయమే మన దేశమునను విమానములు చేయింపవలెనను సంకల్పమునకు బీజమయ్యెను. మైసూరు దివాను సర్ మీర్జా ఇస్మాయిల్ చేయూతనిచ్చెను. సంస్థానము బెంగుళూరునకు తూర్పున 700 ఎకరముల భూమినొసగి, మూలధనమునందును భాగము వహించెను. 1940 డిసెంబరు 23న హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ అచట స్థాపింపబడెను.

ఆ పట్టణమునకు తగిన యోగ్యతలు గలవు. 1902 నుండియు శివసముద్రమున విద్యుచ్ఛక్తి ఉత్పత్తియగుచుండెను. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆ పట్టణముననే యుండెను. సముద్రతీరమునకు దూరముగ నుండుటయు యుద్ధకాలమున మేలే.

1941 ఆగస్టునందు అచట కూర్చబడిన హార్లో శిక్షణ విమానము ఎగిరెను. కాని మరుసటి యేడు భారత ప్రభుత్వము వాల్‌చంద్ భాగమును కొని, యాజమాన్యమును తాను చేపట్టెను. తాను నాటిన చెట్టు ఫలములు అనుభవించు భాగ్యము ఆయనకు లేకపోయెను. అవి బెంగుళూరు ప్రజలకు దక్కెను.

విమాన మొక్కటి లేచుటకు వేలకొలది భాగములు వెంట్రుకవాసి తేడాలేక అమరవలెను. కావున ఇట్టి కర్మాగారమునకు కండబలము మాత్రము చాలదు, నేర్పు కావలెను. యుద్ధకాలమున అమెరికా సేనావిమానముల మరమ్మతులు అచట జరిగినప్పుడు పనివారు లోహపు రేకులు అతుకుటయు, ఇంజనులు విప్పి బాగుచేయుటయు, కొలతలు సరిచూచుటయు నేర్చిరి. పనివాని జీతము వాని యింటనే నిలిచియుండదు. బియ్యపు అంగడికి, దర్జీకి, ఇంటి యజమానికి, పిల్లల బడికి ప్రవహించును. ఆ ప్రాంతమున విమానపురమను పేట వెలసెను.

అయినను ఒక్క పనినే నమ్ముకొన్న ఊరికి గండమును గలదు. 1945లో యుద్ధము ముగియగనే మరమ్మతుల పని తగ్గెను. అప్పుడు కర్మాగారము రైలుపెట్టెలు నిర్మించుటకు పూనుకొనెను. రెక్కలకు రేకులు అతికిన నేర్పే పెట్టెల నిర్మాణమునకు అక్కరకు వచ్చెను. ఆ శాఖయే తరువాత, 1964లో ఏర్పడిన భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థకు సంక్రమించెను. విమాననిర్మాణమును ఆగలేదు. మన దేశముననే రూపొందిన హెచ్.టి.2 శిక్షణ విమానము 1951లో ఎగిరెను. 1948లో టెలిఫోనుల కర్మాగారమును, 1953లో యంత్రసాధనముల కర్మాగారమును, 1954లో ఎలక్ట్రానిక్స్ కర్మాగారమును బెంగుళూరున వెలసెను. వీనికన్నిటికి విమానములే కారణమనుట అతిశయోక్తి యగును; కాని నేర్పరులగు పనివారున్న ఊరిని పరిశ్రమలు వెదకికొని వచ్చుట సహజము.

వాల్‌చంద్ మన ఆంధ్రదేశమునకును ఉపకారియే. ఆయన సింధియా సంఘము విశాఖపట్టణమున తలపెట్టిన నౌకానిర్మాణశాలకు 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసెను. అచట నిర్మితమైన జల ఉష యను ఓడను 1948 మార్చి 14న పండిత నెహ్రూ జలప్రవేశము చేయించెను. 1953 ఏప్రిల్ 8న వాల్‌చంద్ దివంగతుడయ్యెను.

విద్యార్థులారా! యాజమాన్యము చేతులు మారవచ్చును, ఒక పని పోయి వేరొక పని రావచ్చును. పనివాని చేతిలోని నేర్పును మాత్రము ఎవ్వరును కొనిపోజాలరు. ఒక ఊరికి నిజమైన ధనము అదియే.