రథసారథి ఫాంజియో

కారు పందేలలో ప్రపంచ విజేత అన్న బిరుదు 1950వ సంవత్సరంలో ఏర్పడింది. ఫార్ములా వన్ అని నేడు పిలిచే ఆ పోటీల తొలి దశాబ్దంలోనే ఐదుమార్లు ఆ బిరుదును గెలుచుకొన్నవాడు జువాన్ మాన్యుయెల్ ఫాంజియో. తలకు గట్టి రక్షణ గానీ, నడుముకు పట్టీ గానీ లేని కాలమది. తోటి పోటీదారులు ఒకరి వెనుక ఒకరు పందెపు బాటలోనే ప్రాణాలు విడువగా, ఆయన మాత్రం ఎనభైనాలుగేళ్ళు జీవించాడు. దీనిని కేవలం అదృష్టమనడం పొరపాటు.

ఫాంజియో 1911 జూన్ 24న అర్జెంటీనా దేశంలోని బాల్కార్సే అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తల్లిదండ్రులు ఇటలీ నుండి బతుకుతెరువుకై వలస వచ్చినవారు. తండ్రి తాపీపని చేసేవాడు. బాలుడు చిన్నతనంలోనే చదువు మాని మోటారు షెడ్డులో పనికి కుదిరాడు. ఫుట్‌బాల్ ఆటలో కాళ్ళు వంచి బంతిని తన్నే తీరును చూసి మిత్రులు పెట్టిన వంకరకాళ్ళవాడన్న పేరు ఆయనకు జీవితాంతం నిలిచిపోయింది. ఇంజనులను విప్పి బిగించిన ఆ ఏళ్ళే ఆయనకు అసలైన విద్య. యంత్రం ఎక్కడ అలసిపోతున్నదో దాని ధ్వనినిబట్టి గుర్తించగలిగేవాడు. పందెం గెలవాలంటే ముందు కారు చివరిదాకా నిలవాలన్నది ఆయన నియమం.

1936లో ఒక టాక్సీ కారుతో తొలి పందెంలో పాల్గొన్నాడు. తరువాత ఊరివారు చందాలు వేసుకొని ఆయనకొక షెవ్రొలే కారు కొనియిచ్చారు. 1940లో బ్యూనస్ ఎయిరిస్ నుండి ఆండీస్ పర్వతాలు దాటి పెరూ రాజధాని లిమా వరకు, తిరిగి వెనుకకు సాగిన సుమారు 9,500 కిలోమీటర్ల పందెంలో విజయం సాధించి ఆ ఋణం తీర్చుకొన్నాడు. 1948లో అటువంటి మరొక పందెంలో, పెరూ కొండదారిలో ఆయన కారు దొర్లిపోయి సహచరుడు డేనియల్ ఉర్రూటియా మరణించాడు. ఆ దుఃఖం ఆయనను చాలాకాలం వెన్నాడింది.

1949లో ఐరోపా పందేలలో వరుస విజయాలు సాధించేనాటికి ఫాంజియో వయస్సు ముప్పైఎనిమిది. ఇతరులు విశ్రాంతి కోరే వయస్సులో ఆయన కీర్తి మొదలైంది. 1951లో ఆల్ఫా రోమియో కారుతో తొలిసారి ప్రపంచ విజేత అయ్యాడు. మరుసటి యేడు జూన్‌లో ఆయన తన నియమాన్ని తానే మరచాడు. ఐర్లండ్‌లో ఒక పందెం ముగించి, విమానం అందక, పారిస్ నుండి రాత్రంతా కారు నడుపుకొంటూ ఇటలీలోని మోంజాకు చేరి, నిద్రలేని కళ్ళతోనే మరొక పందెంలో దిగాడు. రెండవ చుట్టులోనే కారు అదుపుతప్పింది. మెడ ఎముక విరిగి ఆ సంవత్సరమంతా పందేలకు దూరమయ్యాడు.

కోలుకొన్న ఫాంజియో 1954 నుండి వరుసగా నాలుగేళ్ళు మెర్సిడెస్, ఫెరారీ, మాసెరాటి కార్లతో బిరుదును నిలుపుకొన్నాడు. 1955లో ఫ్రాన్స్‌లోని లమాన్ పందెంలో ఒక కారు జనంమీదికి ఎగిరిపడి ఎనభైమందికి పైగా ప్రేక్షకులు మరణించినప్పుడు, ఆయన కారు ఆ ప్రమాదాన్ని వెంట్రుకవాసిలో తప్పించుకొన్నది. 1956లో మోంజాలో ఆయన కారు చెడిపోగా, బిరుదుకు తానూ పోటీలో ఉన్న యువకుడు పీటర్ కాలిన్స్ తన కారు దిగి దానిని ఆయనకు అప్పగించాడు. ఆనాటి బిరుదులో సగం ఆ యువకుడిదే అనవచ్చు.

1957 ఆగస్టు 4న జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్‌లో జరిగిన పందెం ఫాంజియో జీవితంలో శిఖరం. చుట్టుకు 22 కిలోమీటర్లకు పైగా కొండల నడుమ మెలికలు తిరిగే బాట అది. అటువంటి చుట్లు 22. పెట్రోలు సగమే నింపుకొని ముందుకు దూసుకుపోయి, నడుమ ఆగి, టైర్లు మార్చుకోవాలని ఆయన పథకం. కాని ఆగినప్పుడు ఆలస్యమై, ముందున్న మైక్ హాథార్న్, కాలిన్స్‌లకు నలభైకి పైగా సెకన్లు వెనుకబడ్డాడు. మిగిలినవి పది చుట్లు. అంతవరకు ఏ మలుపులోనూ కారును అవసరానికి మించి శ్రమపెట్టని మనిషి ఆనాడు ప్రాణాలకు తెగించాడు. చుట్టు చుట్టుకూ వేగం పెంచుతూ, సాధనలో తాను సాధించిన ఉత్తమ కాలాన్నే 8 సెకన్లు తగ్గించి, చివరి చుట్టుకు ముందు ఇద్దరినీ దాటిపోయాడు. గెలుపు 3.6 సెకన్ల తేడాతో. ఐదవ బిరుదు దక్కింది. అప్పటికి ఆయనకు నలభైఆరేళ్ళు. ఇక ఎన్నడూ అలా నడపకూడదని ఆయన ఆనాడే నిశ్చయించుకొన్నాడు.

1958 ఫిబ్రవరిలో క్యూబాలో, పందానికి ముందురోజు, బటిస్టా ప్రభుత్వాన్ని ఎదిరిస్తున్న విప్లవకారులు ఆయనను హోటలు నుండి అపహరించారు. పందెం ముగిశాక క్షేమంగా విడిచిపెట్టారు. ఆయన వారిపట్ల కోపం వహించలేదు. ఆ యేడు జూలైలో ఫ్రాన్స్‌లోని రీమ్స్ పందెంలో నాలుగవవాడుగా వచ్చి విరమించాడు. లూయిజీ ముస్సో మరణించింది ఆ పందెంలోనే. మరుసటి నెలలో కాలిన్స్ అదే న్యూర్‌బర్గ్‌రింగ్‌లో మరణించాడు. 1959 జనవరిలో హాథార్న్ రోడ్డు ప్రమాదంలో కన్నుమూశాడు.

ప్రపంచ పోటీలలో 51 పందేలలో పాల్గొని 24 గెలిచిన ఫాంజియో ఐదు బిరుదుల రికార్డును 2003లో గాని మైకేల్ షూమాకర్ దాటలేకపోయాడు. అప్పటికి ఫాంజియో లేడు. 1995 జూలై 17న బ్యూనస్ ఎయిరిస్‌లో మరణించిన ఆయనను సొంత ఊరు బాల్కార్సేలో సమాధి చేశారు. 1986లో ఆయన పేరిట నెలకొల్పిన కార్ల ప్రదర్శనశాల ఉన్నదీ ఆ పట్టణంలోనే.