బర్ట్ మన్రో: ఒక మోటారు సైకిలు చరిత్రము

మన గ్రామమున నీటి మోటారు లేని కమతము నేడు అరుదు. ఐదు హార్సుపవరు, ఏడున్నర హార్సుపవరు అను మాటలు అక్షరము రానివారి నోటను వినబడుచున్నవి. ఐదువందల ఏబది పౌనుల బరువును ఒక్క సెకనులో ఒక అడుగు ఎత్తునకు లేపగల శక్తికి హార్సుపవరు అని పేరు. ఈ కొలతను ఏర్పరచినవాడు స్కాట్లండు దేశీయుడగు జేమ్సు వాటు. మోటారు కొనినవారము రేకు మీద అచ్చువేసిన అంకెను చూచి తృప్తిపడుదుము. ఆ అంకెను తన చేతులతో పెంచవలెనని పూని, పెరిగినదో లేదో తానే కొలిచి చూచుకొనుచు అర్ధశతాబ్దము గడపినవాడు న్యూజీలండు దేశమున ఒకడుండెను. ఆతని చరిత్రమును మన గ్రంథాలయ పాఠకులకు నివేదించుట ఈ వ్యాసోద్దేశము.

హెర్బర్టు జేమ్సు మన్రో 1899 మార్చి 25వ తేదీన, న్యూజీలండు దక్షిణపు కొనయందలి ఇన్వర్‌కార్గిల్ పట్టణమున జన్మించెను. లోకము ఆతనిని బర్ట్ అని పిలిచెను. ఆతనితోడి కవల సోదరి పురిటిలోనే గతించెను. తండ్రి సేద్యగాడు. ఇంటనున్న గుఱ్ఱములలో మిక్కిలి వడిగల దానిని ఎక్కి పొలములవెంట పరుగెత్తించుట, తండ్రి కోపింప మరల మరునాడు అదే పనిచేయుట ఆ బాలుని అలవాటు.

1920లో ఆతడు ఇండియన్ స్కౌటు అను మోటారు సైకిలును కొనెను. ఈ పేరు విని అది మన దేశపు బండియని పాఠకులు భ్రమపడరాదు. అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రమందలి స్ప్రింగుఫీల్డు నగరమున ఒక కంపెనీవారు దానిని తయారుచేసిరి. అచ్చటి ఆదివాసులకు ఐరోపావారు పెట్టిన పేరే ఆ బండికిని పెట్టబడినది. దానికి రెండు సిలిండర్లు, 600 సీసీల ఇంజను. అది గంటకు 55 మైళ్లకు మించి పోజాలదు. పోస్టుమానుకో, పోలీసువానికో చాలినంత వేగమది. మన్రోకు చాలలేదు. 1926 నుండి ఆతడు దానిని విప్పి మార్చుట మొదలిడెను. చనిపోవుటకు కొలదికాలము ముందువరకు ఆ పని ముగియలేదు.

ఇంజను శక్తి పెంచు మార్గములు కొన్నియే. సిలిండరు లోపలి జాగా పెంచవలెను. గాలియు ఇంధనమును సులువుగా లోపలికి పోవునట్లు, కాలిన పొగ తడవు లేక వెలుపలికి వచ్చునట్లు దారి విప్పవలెను. మండుటకు ముందు ఆ మిశ్రమమును మరింత బిగువుగా నొక్కవలెను. నిమిషమునకు ఎక్కువ చుట్లు తిరుగునట్లు చేయవలెను. మన్రో ఈ అన్నియు చేసెను. పాత బండిలో కవాటములు సిలిండరునకు ప్రక్కగా నుండెడివి. వానిని ఆతడు సిలిండరు తలపైకి మార్చెను. ఇది చిన్న మరమ్మతు కాదు. ఇంజను పైభాగమంతయు క్రొత్తగా కట్టవలసిన పని. 600 సీసీలుగా నున్న ఇంజను తుదకు 950 సీసీలాయెను.

ఇంత పనికి ఆతనికి కర్మాగారము లేదు. పగలు మోటారు సైకిళ్లు అమ్ముచు, బాగుచేయుచు జీవించి, రాత్రులు తన కొట్టములో పనిచేసెడివాడు. పాత రేకు డబ్బాలలో లోహము కరగిపోసి పిస్టనులు తయారుచేసెను. వెండ్రుకవాసి తేడాను కొలుచుటకు ఇంజనీర్లు వాడు మైక్రోమీటరుకు బదులు చక్రపు పాత ఊచ ఒకటి ఆతనికి సాధనమాయెను. మన ఊళ్లలో ఆయిలింజను మేస్త్రీలు ఎరిగిన సంగతియే, ఇంజనులో ఒక భాగమును బలపరచినచో దెబ్బ దాని ప్రక్కదానికి తగులును. పిస్టను నిలిచిన కడ్డీ విరుగును, కడ్డీ నిలిచిన మరియొకటి పగులును. కడ్డీలు విరుగుట మానకపోగా ఆతడు ట్రాక్టరు ఇరుసు ఉక్కును తెచ్చి, చేతితో మలచి, క్రొత్త కడ్డీలు చేసెను. పగిలిన భాగములను పారవేయక కొట్టములో ఒక అర మీద వరుసగా పేర్చి, అవి వేగదేవతకు తాను సమర్పించిన నైవేద్యములని దానిపై వ్రాసి పెట్టుకొనెను. ఆ అర నిండినంతగా ఆతని బీరువా ఏనాడును నిండియుండదు.

ఇక కొలత మాట. ఇంజను శక్తిని నిలిపియుంచి కొలుచు యంత్రములు పెద్ద కంపెనీలకు కలవు. మన్రోకు కొలబద్ద ఇన్వర్‌కార్గిల్ చెంతనున్న ఓరెటి సముద్రతీరపు ఇసుక, కొలిచిన దూరము, గడియారము. ఈ కొలత మోటుదని కొందరనవచ్చును గాని నా తలంపున ఇదియే నిక్కమైనది. ఏలయన గాలి మోసపోదు. బండి ఆకారము మారనిచో, వేగము రెట్టింపు కావలెనన్న గాలిని చీల్చుటకు శక్తి ఎనిమిది రెట్లు కావలెను. 55 మైళ్ల బండి ఇంకొక పది మైళ్లు పెరిగినదనిన ఆ వెనుక ఎన్ని రాత్రుల శ్రమయున్నదో దీనివలన ఊహింపవచ్చును. 1940లో ఆతడు గంటకు 120.8 మైళ్ల వేగముతో న్యూజీలండు బాట మీది రికార్డును నెలకొల్పెను. 1957లో సముద్రతీరపు రికార్డు 131.38 మైళ్లు. నడుమ పదునేడేండ్లు గడచినవి, పెరిగినది పదియున్నర మైళ్లు!

ఇందుకు ఆతడు చెల్లించిన మూల్యము తక్కువది కాదు. 1940ల తుదిభాగమున భార్యతో ఎడబాటు కలిగెను. ఉద్యోగమును విడిచి, నివాసము సైతము కొట్టమునకే మార్చుకొనెను. ఈ భాగమును పొగడుట నాకు ఇష్టము లేదు. ఇంజనునకు ఇచ్చిన రాత్రులు ఇంటివారివి కూడనని చెప్పకుండుట సత్యమునకు లోపము.

అమెరికాలో యూటా రాష్ట్రమున బాన్నెవిల్ అను విశాలమైన ఉప్పు మైదానము కలదు. పూర్వము సరస్సుగా నుండి ఎండిపోయిన ఆ తావు మైళ్లకొలది చదునుగా నుండును. వేగపు పోటీలు అచ్చట జరుగును. మన్రో అచ్చటికి పదిమార్లు పోయెను. మొదటిమారు చూచి వచ్చుటకే, మిగిలిన తొమ్మిదిమార్లు పరుగునకు. 1950ల చివరనే ఆతనికి గుండెనొప్పి పట్టుకొనియుండెను. అయినను బండిని ఓడకెక్కించి మహాసముద్రము దాటెడివాడు. చేప ఆకారపు తొడుగొకటి బండికి తొడిగి, అందులో బోరగిలి పరుండి నడపెడివాడు. అచ్చటి నియమము మెచ్చదగినది: ఒక దిక్కున పరుగెత్తినచో చాలదు, తిరిగి ఎదురు దిక్కునను పరుగెత్తవలెను. రెంటి సగటే రికార్డు. గాలి ఒకమారు తోడ్పడినచో రెండవమారు అడ్డగించును గనుక దాని సాయము లెక్కకు రాదు.

1962లో, అరువది మూడేండ్ల వయస్సున, 883 సీసీల తరగతిలో ఆతడు 178.95 మైళ్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. 1966లో 168.07 మైళ్లు. అంకె తగ్గినదేమని పాఠకులు అడుగవచ్చును. ఇంజను పెద్దదగుటచే తరగతి మారినది. తరగతికొక రికార్డు. 1967లో 1000 సీసీలలోపు తరగతిలో 183.59 మైళ్లని ప్రకటించిరి. అర్హత పరుగులో ఒకే దిక్కున 190.07 మైళ్లు వచ్చెను. ఆ బండికి అప్పటికి నలుబదియేడేండ్లు, నడపినవానికి అరువదియెనిమిది. ఆ యేటనే ఒక పరుగులో బండి నడిమి దారిలో ఊగనారంభించెను. వేగము తగ్గించుటకు ఆతడు లేచి కూర్చుండగా గాలి కండ్లద్దములను ఊడ్చుకొనిపోయి చూపు ఆగిపోయెను. దారి తప్పి ఒక ఇనుప గుర్తుకంబమును అంగుళముల వాసిలో దాటి, తుదకు బండిని ప్రక్కకు పడవేసి ప్రాణము దక్కించుకొనెను. ఒడలు గీచుకొనిపోవుట తప్ప పెద్ద గాయము కాలేదు.

కడపటి రోజులలో పక్షవాతము సోకి శరీరము వశము తప్పగా, తన బండ్లు దక్షిణ ప్రాంతమును విడిచి పోరాదని తలచి, వానిని ఆ ఊరి వర్తకునికే అమ్మివేసెను. 1978 జనవరి 6వ తేదీన పరమపదించెను. 2005లో ఆతని కథ చలనచిత్రముగా వచ్చి లోకమంతట పేరు తెచ్చెను.

చెప్పవలసినది మరియొకటి మిగిలియున్నది. మన్రో మరణించిన ముప్పదియారేండ్లకు, 2014లో, ఆతని కుమారుడు 1967 నాటి పరుగుల లెక్కలో పొరపాటున్నదని గుర్తించెను. రెండు పరుగుల సగటు కట్టుటలో తప్పు జరిగినది. అమెరికా మోటారు సైకిలు సంఘమువారు లెక్కను సరిచూచి, 183.586ను కొట్టివేసి 184.087 మైళ్లని తిరిగి వ్రాసిరి. అర మైలు పెరిగినది. ఆ బండి ఇన్వర్‌కార్గిల్‌లో ఒక ఇనుప సామానుల దుకాణమున, సుత్తులు, మేకులు, మరల నడుమ నేటికిని నిలుపబడియున్నది.